బొమ్మ గుర్తుంది, మాట గుర్తులేదు

తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే టీచర్ గారు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 7వ తరగతిలో 38 మంది పిల్లలు. అందరూ ఇంగ్లిష్ మీడియం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. "ఫొటోసింథసిస్ అంటే బిక్కమొహం వేస్తారు. సరే అని ఎదురు పేజీలో కిరణజన్య సంయోగక్రియ చూపిస్తే, అదీ వాళ్లకు కొత్త భాషే" అని రాశారు. నిరుటి దాకా పాఠం చివర కష్టమైన మాటలు ఒక్కొక్కటీ 5 సార్లు రాయించేవారు. లాభం కనిపించలేదు. ఈ ఏడాది బడి తెరిచినప్పటి నుంచి బొమ్మల నోట్సు మొదలుపెట్టారు. ప్రతి శాస్త్ర పదానికీ రంగు సుద్దలతో బోర్డు మీద ఒక చిన్న బొమ్మ వేస్తారు. పిల్లలు దాన్ని నోట్సులో వేసుకుని కింద మాట రాసుకుంటారు. నోటు పుస్తకాలు కళకళలాడిపోయాయట.

ఆ తర్వాత ఒకటొకటిగా చిక్కులు వచ్చాయి. పీరియడ్ అంతా బొమ్మలకే సరిపోతోంది. 'మొక్కలలో పోషణ' పాఠం మీద స్లిప్ టెస్ట్ పెడితే, పత్రరంధ్రం, అంటే ఆకు మీది సన్నటి రంధ్రం, అడిగినచోట చాలామంది బొమ్మ వేసి ఊరుకున్నారు, అర్థం రాయలేకపోయారు. హెచ్‌ఎం సార్ క్లాసు బయట నిలబడి చూసి, "సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందమ్మా?" అన్నారు. ఒక తల్లి బడికి వచ్చి, "ప్రశ్నలు జవాబులు ఏవి మేడం, అన్నీ బొమ్మలేనా?" అని అడిగింది.

ఇంకొకటి ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఒకరోజు రంగు సుద్దలు అయిపోయి, "గార్డ్ సెల్స్‌కు మీరే బొమ్మ వేయండి" అన్నారు. గార్డ్ సెల్స్ అంటే పత్రరంధ్రాన్ని తెరిచి మూసే రక్షక కణాలు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, చేతిలో సెల్‌ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌ను వేశాడు. పక్కవాడు పుస్తకం ఎత్తి చూపించాడు, క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి ఆ అబ్బాయి నోట్సు మీద మోచెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంటున్నాడు. "రాత్రి పదకొండు దాకా కూర్చుని మర్నాటి బొమ్మలు తయారుచేసుకుంటున్నాను. ఇంత చేసి పిల్లలకు అన్యాయం చేశానా? ఆపేయమంటారా?" అని ముగించారు.

ఉత్తరం అంచున పెన్సిల్‌తో ఒక వాక్యం ఉంది. "విచిత్రం ఏమిటంటే, స్లిప్ టెస్టులో గార్డ్ సెల్స్ ప్రశ్న మాత్రం చాలామంది సరిగ్గా రాశారు."

టీచర్ గారూ,

అన్యాయం ఏమీ చేయలేదు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. నేనూ చాలా ఏళ్లు ఇవే పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. మీరు రాత్రిళ్లు పడుతున్న కష్టం ఎలాంటిదో తెలుసు. మీ ఉత్తరంలో అన్ని చిక్కులకూ బొమ్మలే కారణం అన్నట్టు కనిపిస్తోంది కానీ, నాకు అలా అనిపించలేదు. మీరు అంచున రాసిన ఆ పెన్సిల్ వాక్యం దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

గుర్తు చేసుకోండి. పత్రరంధ్రం బొమ్మ ఎవరిది? మీది. పిల్లలు దాన్ని చూసి వేసుకున్నారు. గార్డ్ సెల్స్ బొమ్మ ఎవరిది? ఆ ఒక్కరోజు మాత్రం పిల్లలది. సుద్దలు అయిపోవడం వల్ల, మీరు అనుకోకుండానే, బొమ్మ ఎలా ఉండాలి అన్న ఆలోచన మీ చేతిలోంచి వాళ్ల చేతిలోకి వెళ్లింది. ఆ మాటే నిలిచింది.

బోర్డు మీది మాటను 5 సార్లు దించుకోవడానికీ, బోర్డు మీది బొమ్మను ఒకసారి దించుకోవడానికీ నా దృష్టిలో పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ కన్ను చూస్తుంది, చెయ్యి కదులుతుంది, బుర్ర విశ్రాంతి తీసుకుంటుంది. సొంతంగా గీయాలంటే అలా కుదరదు. పత్రరంధ్రం గీయాలనుకున్న పిల్ల ముందు తనను తాను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది ఆకు మీద ఎక్కడ ఉంటుంది? ఎంత చిన్నది? ఎప్పుడూ తెరిచే ఉంటుందా, మూసుకుంటుందా? లోపలికి ఏం పోతుంది, బయటికి ఏం వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కునే అర నిమిషంలోనే మాట మనసుకు పడుతుంది. ఆ అర నిమిషం పని రాత్రి పదకొండింటికి మీరు చేస్తున్నారు. అందుకే ఆ మాటలు మీకు బాగా వచ్చేశాయి, పిల్లలకు రాలేదు.

ఇది నా అనుభవం ఒక్కటే కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో వరుస ప్రయోగాలు ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు మాటలు ఇచ్చి, కొన్నింటిని మళ్లీ మళ్లీ రాయమన్నారు, కొన్నింటికి బొమ్మ వేయమన్నారు. ఒక్కో మాటకు 40 సెకన్లు. తర్వాత గుర్తున్నవి చెప్పమంటే, బొమ్మ వేసిన మాటలే ఎక్కువ వచ్చాయి. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నదానితో పని లేకపోయింది. అవి తేలిక మాటలు, వాళ్లు పెద్ద పిల్లలు, మీ క్లాసుకు అచ్చంగా సరిపోతుందని అనను. కానీ ఆ 40 సెకన్లు అన్న సంగతి మీకు పనికొస్తుంది. మీ పీరియడ్ అంతా తినేసింది బొమ్మ కాదు, బొమ్మకు రంగులు వేయడం.

స్లిప్ టెస్టులో ఇంకో సంగతి కూడా ఉంది. మీ పిల్లలు మాట నుంచి బొమ్మకు వెళ్లడమే నేర్చుకున్నారు. పరీక్ష అడిగేది బొమ్మ నుంచి మాటకూ, మాట నుంచి అర్థానికీ. ఆ దారిలో వాళ్లను ఒక్కసారీ నడిపించలేదు. బొమ్మ గుర్తుండి మాట రాకపోవడానికి కారణం అదే. ఇది సులువుగా సరిచేయవచ్చు, కిందకి వచ్చాక చెబుతాను.

ఈలోగా మీరు వదిలేస్తున్న ఒక ఆస్తి గురించి చెప్పాలి. తెలుగు పేజీ కూడా కొత్త భాషే అన్నారు. నిజమే, మొత్తంగా చదివితే నోరు తిరగదు. విడదీసి చూడండి. కిరణ, జన్య, సంయోగ, క్రియ. కిరణం వల్ల పుట్టి, కలిపే పని. ఎండ, గీత, రెండు వస్తువులు కలవడం, బాణం గుర్తు. నాలుగు ముక్కలకు నాలుగు గీతలు గీస్తే పాఠంలోని సగం విషయం కాగితం మీదికి వస్తుంది. ఇంగ్లిష్ మాటా అదే చెబుతోంది. ఫొటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కూర్చడం. అంటే ఒకే బొమ్మకు రెండు పేజీల మాటలూ సరిపోతాయి. పత్రహరితం, క్లోరోఫిల్ ఇంకా దగ్గర. రెండూ అక్షరాలా ఆకు, ఆకుపచ్చ అనే అంటున్నాయి. పత్రరంధ్రానికి ఇంగ్లిష్ పేరు స్టోమా, ఆ గ్రీకు మాటకు నోరు అని అర్థం. ఆకుకు చిన్న చిన్న నోళ్లు వేసిన పిల్ల ఆ మాటను మరిచిపోదు.

స్వయంపోషకం అనగానే నేను క్లాసులో స్వయంపాకం గుర్తు చేసేవాణ్ణి. పొయ్యి ముందు కూర్చుని తన అన్నం తానే వండుకునే ఆకును వేసేవారు పిల్లలు. దాని ఇంగ్లిష్ మాట ఆటోట్రోఫ్ అన్నప్పుడు ఒకమ్మాయి ఆ ఆకును ఆటోలో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, వెనక సీట్లో పొయ్యి పెట్టింది. ఆటో బొమ్మ మాట పలుకును గుర్తు చేస్తుంది, పొయ్యి అర్థాన్ని గుర్తు చేస్తుంది. రెండూ ఉండాలి. ఉత్త ఆటో ఒక్కటే వేస్తే పలుకు మిగులుతుంది, అర్థం జారిపోతుంది. పరాన్నజీవి కూడా అంతే, పరుల అన్నం మీద బతికేది. ఆకులు లేని పసుపు తీగ కస్కుటా ఇంకో మొక్క కంచంలో చెయ్యి పెట్టినట్టు వేయమనండి, చాలు.

అన్ని మాటలూ ఇలా విడిపోవు. బాష్పోత్సేకాన్ని (ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడం) విడదీస్తే ఉత్సేకం అంటే ఏమిటని మళ్లీ మొదలు. దానికి కొమ్మకు కట్టిన పాలిథిన్ సంచీ, లోపల నీటి చుక్కలు వేయించండి. ముందు బడి ఆవరణలో ఏ వేప కొమ్మకో నిజంగా కట్టి, మధ్యాహ్నం చూపించి, తర్వాత గీయించండి. అలాగే అనుకూలనం, ప్రక్రియ లాంటి మాటలకు బలవంతాన బొమ్మ వేయించవద్దు. అవి వాక్యాల్లో వాడితేనే వస్తాయి.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి.

అమ్మా, నాలుగు పేజీల మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన బొమ్మ అతనిదే. సగం సరిగ్గా ఉంది, చూడండి. రక్షక కణాలు చేసే పని అచ్చం వాచ్‌మన్ పనే. పత్రరంధ్రం అనే గేటుకు రెండు పక్కలా ఉండి తెరుస్తాయి, మూస్తాయి. గార్డ్ అన్న మాటను అతను పట్టుకున్నాడు, గేటును కూడా వేశాడు. తప్పిందల్లా సెల్ దగ్గర. అతని ఇంట్లో సెల్ అంటే ఫోనే, ఇంకేమవుతుంది? ఈ తప్పు స్లిప్ టెస్టులో మీకు ఏనాటికీ తెలిసేది కాదు. 'గార్డ్ సెల్' అని స్పెల్లింగ్ తప్పు లేకుండా రాసేవాడు, మీరు టిక్ పెట్టేవారు, అతని మనసులో మాత్రం ఆకు మీద ఫోన్ అలాగే ఉండిపోయేది. అలా టిక్కు పడి, లోపల ఫోన్ ఉన్న పిల్లలు ఆ క్లాసులో ఇంకెంతమంది ఉన్నారో!

ఇంగ్లిష్ మీడియంలో మన పిల్లలకు ఈ బాధ ప్రత్యేకంగా ఉంది. వాళ్లకు రోజూ తెలిసిన మాటే సైన్సులోకి వచ్చేసరికి ఇంకోటి అవుతుంది. కండక్టర్ అంటే ఆర్టీసీ బస్సులో టికెట్ ఇచ్చే ఆయన. మీడియం అంటే వాళ్ల సెక్షన్. టిష్యూ అంటే పెళ్లి భోజనాల్లో చేతులు తుడుచుకునే కాగితం. సొల్యూషన్ అంటే లెక్కకు జవాబు. పాఠం చెప్పకముందే ఇలాంటి మాటలకు, "మీకు తెలిసిన బొమ్మ వేయండి" అనండి. ఎవరి దగ్గర ఏముందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. సెల్ అన్న పేరు కథ కూడా చెప్పండి. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న గదుల్లా కనిపించింది, అందుకే సెల్ అన్నాడు. జైల్లో గదిని కూడా సెల్ అనే అంటారు, పిల్లలు సినిమాల్లో వినే ఉంటారు.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

బొమ్మలు పూర్తిగా ఆపేయవచ్చు. హెచ్‌ఎం సార్ ఊరుకుంటారు, ఆ తల్లీ ఊరుకుంటుంది. మీకు రాత్రి నిద్ర దొరుకుతుంది. కానీ మీరు మళ్లీ 5 సార్లు రాయించే దగ్గరికే వస్తారు. అది పనిచేయలేదని మీరే రాశారు. పైగా ఆ అబ్బాయికి, 'నా బొమ్మ వల్లే ఆపేశారు' అని అనిపించే ప్రమాదం ఉంది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు చేస్తున్నట్టే కొనసాగించవచ్చు. పుస్తకాలు అందంగా ఉంటాయి, ఎంఈఓ గారు వస్తే చూపించుకోవచ్చు. సిలబస్ మాత్రం నిజంగానే వెనకబడుతుంది. ఆ విషయంలో మీ హెచ్‌ఎం సార్‌ది తప్పు అనలేను.

మూడోది, కొత్త పాఠంలో బొమ్మల జోలికి పోకుండా రివిజన్‌కు మాత్రం వాడటం. పాఠం అయ్యాక పుస్తకం మూయించి, ఒకే పేజీలో గుర్తున్న మాటలన్నీ బొమ్మలుగా వేయించడం. సమయం తక్కువ పడుతుంది, గుర్తుకు తెచ్చుకునే పని పిల్లలే చేస్తారు. లోపం ఏమిటంటే, పాఠం మొదట్లోనే ఫోన్ గీసే పిల్లలు అప్పటిదాకా దొరకరు.

నాలుగోది బొమ్మల నోట్సును బాగా చిన్నది చేయడం. నాకు ఇదే నచ్చుతుంది, కాబట్టి ఎలాగో వివరంగా చెబుతాను. నచ్చకపోతే పై దారుల్లో ఒకటి తీసుకోండి.

పాఠానికి 6 మాటలు మించవద్దు. ఏ ఆరు అన్నది మీరే తేల్చండి. ఆ మాట రాకపోతే పాఠం ముందుకు సాగదు అనిపించేవే తీసుకోండి. ఒక్కో మాటకు అర పేజీ, దాన్ని నాలుగు గళ్లు చేయాలి. మధ్యలో మాట, ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ. ఒక గడిలో బొమ్మ. ఒక గడిలో పిల్లల సొంత మాటల్లో అర్థం, ఇంటి తెలుగులో రాసినా సరే. మూడో గడిలో ఒక ఉదాహరణ. నాలుగో గడిలో 'ఇది కాదు', అంటే ఈ మాటతో కలగాపులగం అయ్యే వేరే వస్తువు. ఈ గళ్ల పద్ధతి నాది కాదు. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరతీ ఫ్రేయర్, ఆమె తోటివారు దీన్ని రూపొందించారు. వాళ్లు లక్షణాలు రాయించే గడిలో మనం బొమ్మ పెట్టుకుంటున్నాం, అంతే. ఈ నాలుగింటిలో 'ఇది కాదు' గడి మన పిల్లలకు బంగారం. శ్వాసక్రియ అన్న మాట దగ్గర ఆ గడిలో ముక్కు వేయించండి. గాలి పీల్చి వదలడం వేరు, కణంలో ఆహారం నుంచి శక్తి విడుదల కావడం వేరు అన్న తేడాను మనం ఎన్ని వాక్యాల్లో చెప్పినా, అడ్డగీత కొట్టిన ఆ ముక్కు అంతకన్నా గట్టిగా చెబుతుంది.

పెన్సిల్ మాత్రమే. స్కెచ్ పెన్నులు సంచీలోనే ఉండాలి. మీరు బోర్డు మీద గీయవద్దు. మాట చెప్పండి, అర్థం చెప్పండి, వీలైతే వస్తువు చూపించండి, ఒక నిమిషం ఇవ్వండి. తర్వాత ఒక్క నిమిషం పక్కవాళ్లకు తమ బొమ్మ వివరించాలి. రోజుకు రెండు మాటలు, ఏడెనిమిది నిమిషాలకు మించదు. వేసిన బొమ్మల్లో శాస్త్రం తప్పినవి క్లాసులో తిరుగుతూ అక్కడికక్కడే సరిచేయించండి. బొమ్మ గట్టిగా గుర్తుంటుంది కాబట్టి, తప్పు బొమ్మ కూడా గట్టిగానే గుర్తుంటుంది. ఆకుకు చెమట పట్టినట్టు వేసిన పిల్లవాడి దగ్గర ఒక్క క్షణం ఆగి, "మనకు చెమట చుక్కగా వస్తుంది, ఆకు నుంచి నీరు ఆవిరిగా పోతుంది, దాన్ని ఎలా చూపిస్తావు?" అని అడగండి.

మర్నాడు పాఠం మొదలుపెట్టే ముందు తిరుగు దారి. బొమ్మ మాత్రం కనిపించేలా మిగతా మూడు గళ్లనూ, మధ్య మాటనూ చీటీలతో మూసి, మాట చెప్పించండి. తర్వాత ఆ మాటతో ఒక వాక్యం రాయించండి. వారం తర్వాత ఇంకోసారి. స్లిప్ టెస్టుకు కావలసింది ఈ అలవాటే. రెండో వారం నుంచే మీకు తేడా తెలియాలి. తెలియకపోతే మాటల ఎంపిక దగ్గర మళ్లీ చూసుకోండి.

హెచ్‌ఎం సార్‌తో వాదించవద్దు. మన సైన్సు పుస్తకాల్లో ఇచ్చిన విద్యా ప్రమాణాల్లో బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం ఒకటి అని సార్‌కూ తెలుసు. అయినా ఆయన అడిగింది సమయం గురించి. ముందుగానే వెళ్లి, "రోజుకు 8 నిమిషాలు, ఒక్క పాఠం వరకు చేసి చూస్తాను సార్, టెస్ట్ పేపర్లు మీకే చూపిస్తాను" అనండి. ఆయన వద్దంటే మూడో దారి ఉండనే ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ తల్లి అడిగిందీ న్యాయమే. ప్రశ్న-జవాబుల నోట్సు విడిగా ఉండాలి, ఉంచండి. బొమ్మల పుస్తకం ఇంటికి పంపేటప్పుడు, "మీ పాపను బొమ్మ చూపించి మాట అడగండమ్మా" అని చెప్పండి. చదువు రాని తల్లి కూడా ఆ పని చేయగలదు. అప్పుడు ఆ పుస్తకం ఎందుకో ఆమెకే తెలుస్తుంది.

మోచెయ్యి అడ్డం పెట్టుకునే అబ్బాయి విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. అందరి ముందు పొగడవద్దు, అది ఇంకో రకం ఇబ్బంది. ఇంటర్వెల్‌లో ఒక్కణ్ణే పిలిచి, గేటూ వాచ్‌మనూ సరిగ్గా పట్టుకున్నావని చెప్పండి. నవ్వినవాళ్లలో ఎవరికీ ఆ గేటు తట్టలేదన్నదీ చెప్పండి. ఆ పేజీ చించేయకుండా చూడండి, ఇప్పటికే చించేస్తే కొత్తగా వేయించండి. వీలైతే లాబ్‌లో ఆకు అడుగు పొరను కొంచెం ఒలిచి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ముందు అతన్నే చూడనివ్వండి. రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు కనిపిస్తాయి కదా, వాటిని బొమ్మ గడిలో వేయమనండి. వాచ్‌మన్‌ను గేటు దగ్గరే ఉండనివ్వండి. ఫోన్‌ను మాత్రం 'ఇది కాదు' గడిలోకి మార్చి, దాని మీద అతని చేత్తోనే ఒక అడ్డగీత కొట్టించండి.